కొలెస్ట్రాల్ టెస్టులో పాసైన కథ

మా ఆఫీసులో లంచ్ దగ్గర కూర్చునే తెలుగువాళ్లం కొలెస్ట్రాల్ టెస్టును ఎంసెట్‌లాగా రాసేవాళ్లం. నెల ముందు నుంచి నెయ్యి బంద్, బిర్యానీ బంద్, సాయంత్రం అపార్ట్‌మెంట్ల చుట్టూ నడక. రిజల్ట్ రాగానే ఎవరికెంత వచ్చిందో చెప్పుకునేవాళ్లం. ఈ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవాడే ఫస్ట్. పాసైనవాడు ఆ శుక్రవారం అందరికీ బిర్యానీ పెట్టించాలి.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉన్న ఆ రోజుల్లో, నలభై అయిదో ఏట, ఎంత ప్రిపేరైనా నేను ఫెయిలయ్యాను. డాక్టరమ్మ స్టాటిన్ టాబ్లెట్ రాసింది. అమెరికన్, ఓపికమంతురాలు. కొలెస్ట్రాల్‌లో చాలా భాగం మన లివరే తయారుచేస్తుందనీ, ఈ టాబ్లెట్ ఆ తయారీకి అడ్డుపడుతుందనీ, అప్పుడు లివర్ తనకు కావలసింది రక్తంలోంచి లాక్కుంటుందనీ బొమ్మ గీసి మరీ చెప్పింది. రోజూ వేసుకోవాలంది. బొమ్మ బాగా గీసిందనుకున్నాను.

మా ఆవిడకు మాత్రం ఇది నవ్వులాట కాదు. వాళ్ల నాన్న నలభై ఆరో ఏట గుండెపోటుతో పోయారు. అప్పటికి ఆమె పదో తరగతి. అందుకే రోజూ భోజనం దగ్గర, "టాబ్లెట్ వేసుకున్నారా?" అని అడిగేది.

మూడు నెలలకు నంబరు దిగింది. పాసైపోయాను. పాసయ్యాక కూడా కోచింగ్‌కి వెళ్లే వెర్రివాడు ఎవడుంటాడు? బిర్యానీ పెట్టించాను, టాబ్లెట్ మానేశాను. మా ఆవిడ అడిగినప్పుడల్లా "ఆఁ" అనేవాణ్ని. అలా అనడానికి ఏమాత్రం కష్టంగా ఉండేది కాదు. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆరు నెలలకు మళ్లీ టెస్టు. రిజల్ట్ కోసం వెళ్తుంటే ఆమె కూడా వచ్చింది. నంబరు మళ్లీ మొదటికొచ్చింది. డాక్టరమ్మ కంప్యూటర్‌లో చూసి, ఈ డోసు పనిచేయడం లేదు, డబుల్ చేద్దాం అంది. నోరు మూసుకుని ఆ డబులేదో తెచ్చుకుందామా అని ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. ఈలోగా మా ఆవిడ నావైపు తిరిగి, "అదేంటండీ, రోజూ వేసుకుంటున్నారుగా?" అంది. నిజం చెప్పేశాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. నంబరు తగ్గింది టాబ్లెట్ వల్లేననీ, ఆపితే లివర్ తన పని మళ్లీ మొదలుపెడుతుందనీ చెప్పి, పాత డోసే రాసిచ్చింది.

కారెక్కాక మా ఆవిడ సీట్‌బెల్టు పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టినా బాగుండేది.

"ఈ శనివారం నాకు ఫ్రీవే మీద డ్రైవింగ్ నేర్పండి" అంది.

కార్లు దూసుకుపోయే ఆ పెద్ద రోడ్డంటే భయంతో, ఏళ్లుగా నేను బతిమాలినా ఫ్రీవే ఎక్కని మనిషి. "ఇప్పుడెందుకు?" అన్నాను.

"రేపు పిల్లల్ని నేనొక్కదాన్నే తిప్పుకోవాల్సి వస్తే, డ్రైవింగ్ వచ్చి ఉండాలిగా."

శనివారం పొద్దున్నే ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది, నేను పక్క సీట్లో. ఫ్రీవే ఎక్కాక ఆమె అద్దంలో చూసుకుని, సిగ్నల్ వేసి, తడబడకుండా లేన్ మారింది. నాకే భయమేసింది.