అందరి ముందు చెప్పిన సారీ

పిల్లలకు సారీ ఎలా చెప్పాలో నేర్పే పుస్తకాలు మా లైబ్రరీలో ఉన్నవన్నీ చదివాను. చెప్పిన సారీని చెడగొట్టుకున్న తల్లి గురించి వాటిలో ఎక్కడా లేదు. ఆ లోటు తీర్చే అర్హత నాకుంది కనుక రాస్తున్నాను. నేను కాలేజీలో చదివింది ఇంటర్ వరకే. మిగిలిన చదువంతా అమెరికాలో ఈ షాంటిలీ ఊరికి వచ్చాక లైబ్రరీలో కూర్చుని సంపాదించుకున్నదే. అందుకు నాకు గర్వం కూడా.

ఆ శనివారం ఒక స్నేహితురాలి ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు. భోజనాలకు ముందు పిల్లల చేత పద్యాలు చెప్పించడం మావాళ్ళ అలవాటు. పదకొండేళ్ళ మా అమ్మాయి రెండో పాదం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి అక్కడే ఆగింది. ఎవరో జాలిగా చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తిండికైతే బాగా తెరుచుకుంటుందిగా ఆ నోరు!" అన్నాను.

లావవుతున్నానని తను అద్దం ముందు నిలబడి ఏడవడం నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తను పళ్ళెం ముట్టుకోలేదు. మర్నాడు పుస్తకాల్లో చెప్పినట్టే తన గదిలో నేల మీద కూర్చుని, సాకులేవీ చెప్పకుండా, సారీ చెప్పాను.

"అందరి ముందు అన్నావ్ కదా అమ్మా. అక్కడే చెప్పు. సేమ్ హౌస్, సేమ్ ఆంటీస్," అంది.

సరేనన్నాను. ఆ స్నేహితురాలు మళ్ళీ పిలిచినప్పుడు అదే హాల్లో నిలబడి, "మొన్న మా అమ్మాయిని అనరాని మాట అన్నాను. తప్పు నాది. సారీ నాన్నా," అన్నాను. అక్కడితో కూర్చుని ఉంటే సరిపోయేది.

"పిల్లలకి సారీ ఏంటండీ! రేపు కాళ్ళు పట్టుకోమంటారు," అంది స్నేహితురాలు.

"లైబ్రరీ ఎఫెక్ట్!" అన్నాడు ఆమె భర్త.

అందరూ నవ్వారు. నాకు సిగ్గేసింది. అది కప్పిపుచ్చుకోవడానికి నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోలేదు.

"ఏం చేయనండీ, మహారాణిగారి ఆర్డర్! చెప్పకపోతే అన్నం మానేస్తుందేమో. మానేసినా పర్లేదులెండి, స్టాక్ ఉంది!"

నవ్వులు రెట్టింపయ్యాయి. మా అమ్మాయి చేతిలో పళ్ళెం టేబుల్ మీద పెట్టి, బయటికి వెళ్ళి కార్ పక్కన నిలబడింది. ఇంటికొచ్చాక మళ్ళీ సారీ చెప్పబోతే, "ఇట్స్ ఓకే," అని తలుపు వేసుకుంది.

అడిగిన పుస్తకమల్లా తెప్పించిన లైబ్రేరియన్‌కు, ఆ సాయంత్రం నవ్వకుండా కూర్చున్న ఒకే ఒక్క పెద్దాయనకు, ఇంటికొచ్చే దారిలో నన్నేమీ అనని నా భర్తకు కృతజ్ఞురాలిని. ఇది రాయనిచ్చిన మా అమ్మాయికి కూడా. రాసుకోనా అని అడిగితే చిరునవ్వుతో, "ష్యూర్. థాంక్యూ ఫర్ ఆస్కింగ్," అంది.

ఆంటీలతో తను అలాగే, మర్యాదగా మాట్లాడుతుంది.