పెళ్ళి క్షవరం

ఆ రోజుల్లో మగవాడి మొహం మగవాడి చేతిలో ఉండేది కాదు, మంగలి చేతిలో ఉండేది. ఇంట్లో కొడవలి ఉండేది, గొడ్డలి ఉండేది, క్షవరం కత్తి మాత్రం ఉండేది కాదు. అది గుమ్మం దాటి లోపలికొస్తే అరిష్టమని ఆడవాళ్ళు ఒప్పుకునేవారు కాదు. వారానికోసారి మా ఊరి మంగలి చంకలో పొది పెట్టుకొని వచ్చి, అరుగు పక్కన ఎండపొడ చూసుకొని గొంతుక్కూర్చునేవాడు. ఎదురుగా మనమూ గొంతుక్కూర్చోవాలి. ముంతలో చన్నీళ్ళు నాలుగు చుక్కలు మొహాన చల్లి, బొటనవేలితో రుద్ది, ముక్కు పట్టుకొని అతను మెడ ఎటు తిప్పితే మనం అటు తిరగాలి. సబ్బూ లేదు, నురగా లేదు. ఊరందరికీ అదే కత్తి, అదే ముంత, అవే నీళ్ళు (నీళ్ళు మారుస్తాడని మా నైన అనేవాడు, నేను మాత్రం ఎన్నడూ చూడలేదు). గాటు పడితే పటికముక్క రుద్ది, "ఏమీ లేదు సామీ, చీమ కుట్టినంత" అని లేచిపోయేవాడు.

అందరికీ చీమ కుట్టినంత అయ్యేది నాకు కందిరీగల తుట్టెలో మొహం పెట్టినంత అయ్యేది. నా చర్మం అలాంటిది, ఏం చెయ్యను! కత్తి తగిలిన కాసేపటికి దవడలు కందిపోయేవి, ఆ పైన ఆవగింజలంత పొక్కులు లేచేవి, ఆ పైన దురద. గోకానా, పొక్కులన్నీ కలిసి మొహం ఉబ్బిపోయేది. నూనూగు మీసాల వయసులోనే ఒకసారి అవి చీము పట్టి జ్వరం కూడా వచ్చింది. అప్పుడు మా అమ్మ కారమడై రంగనాథుడికి దండం పెట్టి, "సామీ, నా బిడ్డ మొహం మాననీ. వాడు పెండ్లిపీట ఎక్కే పొద్దు దాకా కత్తి తగలనీను. ఆ పొద్దు తీసిన వెంట్రుకలు నీకే తెచ్చిస్తా" అని మొక్కుకుంది. మొహం మానింది. గెడ్డం పెరిగింది. నా అంత సుఖపడ్డవాడు అరవదేశంలోని అన్నూరు చుట్టుపక్కల మా తెలుగు పల్లెల్లో ఇంకొకడు లేడు.

సుఖమంటే పూర్తి సుఖం కాదు లెండి. అప్పట్లో పడుచువాడు గెడ్డంతో కనబడితే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. సంతకి వెళ్తే తెలియనివాళ్ళు కూడా భుజం మీద చెయ్యి వేసి, "ఎవరు తంబీ, అమ్మా అప్పనా?" అని అడిగేవాళ్ళు. ఎవరూ పోలేదంటే, "పాపం, ఇంకా తేరుకోలేదు" అని మరింత జాలిపడేవాళ్ళు. ఆ రోజుల్లోనే భూములు కొలవడానికి వచ్చిన కుంపిణీ దొర ఒకడు మా తోపులో డేరా వేశాడు. తెల్లారగానే డేరా ముందు అద్దం తగిలించుకొని, మొహానికి నురగ పూసుకొని, తన గెడ్డం తనే గీసుకునేవాడు. ఊరంతా గుంపుగా నిలబడి చూసేది. "అంత అధికారం ఉండి ఏం లాభం, పెట్టి పుట్టలేదు, ఒక మంగలి కూడా లేడు" అని మా నైన బాధపడ్డాడు. నేను మాత్రం గీసుకున్న తర్వాత దొర మొహం చూశాను. అచ్చం నా మొహమే, అవే పొక్కులు! ఆ పూట నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఇంతలో మదురై సీమ నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళూ మా తెలుగువాళ్ళే, నల్లరేగడి భూముల్లో ప్రత్తి పండించేవాళ్ళు. అంతా బాగానే ఉంది, పిల్ల తాతతోనే వచ్చింది చిక్కు. ఆయనను అందరూ మీసాల తాత అనేవారు. తన పెద్ద మనవరాలి పెళ్ళిలో, వరుడి మెడ మీద చింతగింజంత మచ్చ చూసి "ఇది పెద్దరోగం, కుష్టు" అని, పందిట్లోంచి బళ్ళు వెనక్కి తిప్పించిన మనిషి. అది పుట్టుమచ్చ అని తర్వాత తెలిసిందట. తెలిసినా బళ్ళు మళ్ళీ ముందుకు తిప్పలేదు. ఆ పెళ్ళికొడుకుకి మళ్ళీ ఎవరూ పిల్లనివ్వలేదని చెప్పుకునేవారు. నిశ్చయానికి వచ్చినప్పుడు ఆ తాత నా గెడ్డం కొస పట్టుకొని లాగి, "ఇదేంది మాప్పిళ్ళె?" అన్నాడు (మాప్పిళ్ళె అంటే అరవంలో అల్లుడు). మా అమ్మ మొక్కు సంగతి చెప్పింది. "సంతోసం తల్లీ. దేవుడి సొమ్ము దేవుడికి ఇయ్యవల్ల. తీసేటప్పుడు నేను ఎదురుగానే కూసుంటా. గెడ్డం కింద ఏముండాదో మేమూ చూసుకోవల్ల గదా" అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు, నాకు మాత్రం ఆ రాత్రి నుంచి నిద్ర పట్టలేదు.

మాలో పెళ్ళి మగవాళ్ళ ఇంట్లోనే. ఆడపెళ్ళివారు రోజుల తరబడి ఎడ్లబళ్ళ మీద ప్రయాణం చేసి మా ఊరు దిగారు. పిల్లని నేను చూడలేదు. మా అక్క చూసొచ్చి, "బాగుంటాదిరా, కండ్లు మంచివి" అంది. ఆ ఒక్క మాట పట్టుకొని నేను రెండు నెలలు బతికాను. ఇప్పుడు ఆ కళ్ళున్న పిల్ల మా పక్కింటి విడిదిలో ఉంది. పొద్దున్నే క్షవరం, ఎండ ఎక్కేసరికి ముహూర్తం. నా మొహం ఉబ్బడానికి సరిగ్గా సరిపోయే వ్యవధి. బళ్ళు వెనక్కి తిరిగాయంటే ఇక జన్మలో నాకు పెళ్ళి లేదు, మా అమ్మ నలుగురిలో తల ఎత్తుకోలేదు.

పందిరి నడుమ పీట వేశారు. ఎదురుగా నులకమంచం మీద మీసాల తాత, ఆయన వెనక మదురై సీమ మగవాళ్ళంతా. మంగలి కత్తి నూరుతున్నాడు, నూరుతూనే ఉన్నాడు. మా అమ్మ ముందురోజే అతని దగ్గరికి వెళ్ళి, "నా బిడ్డ మొహం చెడిందా, ఈ ఊళ్ళో నీకు నీళ్ళు పుట్టవు" అని చెప్పొచ్చిందట. దాంతో అతని చేతులు వణుకుతున్నాయి. "సామీ, కదలొద్దండి" అన్నాడు. "నేను కదలడం లేదు, నువ్వే కదులుతున్నావు" అన్నాను. కుడి దవడ అయ్యింది. చల్లగాలి తగిలింది, ఎన్నో ఏళ్ళ తర్వాత. బాగానే ఉంది. ఎడమ దవడ సగంలో ఉండగా కుడివైపు మొదలైంది దురద. చెయ్యి దానంతటదే లేచింది, తొడ కింద పెట్టి నొక్కుకున్నాను. మంగలి వీపు అడ్డమున్నా తాత కళ్ళు నా మీంచి కదలడం లేదు. గడ్డం కింద ఆఖరి గీత గీసి మంగలి నా మొహం చూశాడు. అతని నోరు తెరుచుకుంది. కత్తి పొదిలో పడేసి, ఒక్క గెంతులో వెళ్ళి సన్నాయి అందుకున్నాడు (మా వైపు మంగళవాద్యమూ వాళ్ళదే). కంగారులో ఏకంగా గట్టిమేళమే ఎత్తాడు, తాతతో సహా అందరూ అటు తిరిగారు. తాళి కట్టేశారనుకొని వెనక వరసలోని ఒక ముసలాయన అక్షింతలు చల్లేశాడు.

ఆ గందరగోళంలో మా మేనత్త వచ్చి నా రెక్క పట్టుకొని లోపలికి ఈడ్చుకుపోయింది. ఈమెను ఊళ్ళో తప్పెట అత్త అనేవారు (ఆమె నోరు తెరిస్తే వేరే తప్పెట అక్కర్లేదని). "ఏంరా ఇది, మొహమా, పండిన మిరపతోటా!" అని ఒక్క క్షణం నెత్తి బాదుకుంది. మా అమ్మ గోడకి ఆనుకొని ఏడుస్తోంది. అత్త ఏడవలేదు. మూలన పెద్ద గంగాళంలో, వచ్చినవాళ్ళకు పూయడానికని మూడిళ్ళ ఆడవాళ్ళు అరగదీసిన గంధం ఉంది. రెండు చేతులతో తీసి, గోడకి పేడ కొట్టినట్టు నా మొహాన కొట్టింది. కళ్ళూ ముక్కూ నోరూ వదిలి మిగతాదంతా మెత్తింది. అమ్మయ్య, ఎంత చల్లగా ఉందో! "అత్తా, ఇట్లా బయటికి ఎట్లా పోయేది?" అన్నాను. "నడువు. నోరు తెరవొద్దు, నేనుండా" అంది.

నన్ను చూసి మంగలి సన్నాయి ఆపేశాడు. మీసాల తాత మంచం మీంచి లేచాడు. "ఏందిది?" అన్నాడు. "ఏందంటే? మా సాంగ్యం, పెద్దోళ్ళ ఆచారం" అంది అత్త. "ఏం సాంగ్యం? నేను యాడా చూళ్ళేదే." "మీరు చూడకపోతే మేమేం చేసేది అన్నా? మా పెద్దోళ్ళు తుంగభద్ర దాటి వచ్చిన పొద్దు నుంచి ఉండాది. కత్తి పడిన మొహం తాళి కట్టేదాకా ఎండ చూడకూడదు." ఆ మాట విన్న మా నైన మొహంలో నాకంటే ఎక్కువ ఆశ్చర్యం కనబడింది. తాత కళ్ళు చిన్నవయ్యాయి. "అప్పడియా, అట్లనా? పెండ్లికొడుకు నైన కూడా పొద్దున గెడ్డం తీయించుకొనె గదా. ఆయన మొహాన గంధం ఏదమ్మా?" అత్త కన్ను కూడా ఆర్పలేదు. "ముందు పెండ్లికొడుకుకి పూయవల్ల, పైన వరసగా పెద్దోళ్ళకి. ఏంరా, చూస్తా నిలబడితిరి, గంగాళం తెండి!" అని మా మగవాళ్ళ మీద అరిచింది. మా నైన, పెదనాన్నలు, బావలు అందరూ నోరెత్తకుండా వరసలో కూర్చున్నారు. ఒక్కొక్కరి మొహం మీద గంధం పడుతుంటే, ఏనాటినుంచో ఎరిగినవాళ్ళలా గంభీరంగా కళ్ళు మూసుకున్నారు.

ఇక్కడ మా తెలుగువాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఎన్నో తరాలుగా అరవదేశంలో ఉన్నవాళ్ళం. పాత సాంగ్యం ఒకటి ఉందని ఎవరైనా అంటే, తెలియదని ఒప్పుకోవడం మాకు చచ్చినంత పని. తెలియదంటే మనం తెలుగే మరిచిపోయామంటారేమోనని భయం. మీసాల తాత ఆ వరసను చూశాడు, తన వెనకాలున్న మదురై సీమ వాళ్ళను చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "ఉండె... మా ఇండ్లల్లోనూ ఉండె. మా తాత చెప్తా ఉండె. మదురై పక్క పోయినంక మావోళ్ళు మరిచిపోతిరి" అని, వచ్చి మా నైన పక్కన కూర్చొని మొహం ఎత్తాడు. అత్త ఆయనకు మీసాలతో సహా పూసింది. ఆపైన మదురై సీమంతా వరసలో నిలబడింది. గంధం చాలక మళ్ళీ అరగదీశారు.

గండం గడిచిందనుకున్నాను. ఎక్కడ గడిచింది! పీటల మీద కూర్చునేసరికి ఎండ పందిరి సందుల్లోంచి దిగుతోంది, ముందు హోమం పొగ. గంధం ఎండి బిగుసుకుపోయింది. నవ్వకూడదు, దవడ కదపకూడదు. మంత్రం చెప్పమంటే పెదవులు కదపకుండా గొణిగాను. తాత నాకు ఎడమవైపు, పెళ్ళికూతురికి అవతల, తెల్లటి మొహంతో కూర్చొని ఉన్నాడు. తాళి ఇంకా పళ్ళెంలోనే ఉంది. అప్పుడు చెక్కిలి మీద చిన్నగా చిటపటమంది. ఎడమ బుగ్గ మీది గంధం, అప్పడమంత పెచ్చు, ఊడి నా ఒళ్ళో పడింది.

పెళ్ళికూతురు తల వంచుకొని కూర్చుంది కాబట్టి ఆ పెచ్చు అందరికన్నా ముందు ఆమెకే కనబడింది. మెల్లిగా కళ్ళెత్తింది. మా అక్క చెప్పింది నిజమే, మంచి కళ్ళు. ఆ కళ్ళు నా బుగ్గ మీద, ఎర్రగా ఉబ్బిన ఆ పొక్కుల మీద ఆగిపోయాయి, పెద్దవయ్యాయి. తాత తల ఇటు తిప్పబోతున్నాడు. ఆమె "అమ్మా" అంటే చాలు, ఉలిక్కిపడితే చాలు. ఆమె పళ్ళెం పక్కనున్న గిన్నెలో వేళ్ళు ముంచి, ఇంత గంధం తీసి, నా బుగ్గ మీద నిండుగా, నింపాదిగా పూసింది. పొక్కులు నొప్పి పుట్టకుండా పూసింది. తాత చూసేసరికి మొహం మళ్ళీ తెల్లగా ఉంది. "చూస్తిరా, నా మనవరాలు! ఎవురూ చెప్పకుండానే సాంగ్యం తెలిసిపోయె" అని ఆయన అందరికీ వినబడేలా పొంగిపోయాడు. గట్టిమేళం మోగింది, ఈసారి నిజంగానే. నేను తాళి కట్టాను.

ఈమధ్య మా పెద్దవాడి పెళ్ళి జరిగింది. వాడిది తల్లి చర్మం, నున్నటి పలకలాంటి మొహం, ఏ కత్తికీ జంకదు. అయినా గంగాళం నిండా గంధం తీశారు, రెండువైపుల మగవాళ్ళూ వరసగా కూర్చున్నారు. మదురై నుంచి వచ్చిన కుర్రవాడొకడు నన్ను ఆపి, "పెదనైనా, ఎడమ బుగ్గ నుంచి మొదలుపెట్టవల్ల, అది సాంగ్యం" అని నాకు నేర్పాడు. అలాగే నాయనా అని మొదలుపెట్టాను. పెళ్ళి సందడి తగ్గాక మా ఇంటావిడ పక్కన కూర్చొని, ఇన్నేళ్ళూ అడగాలనుకొని అడగలేకపోయినది అడిగాను. "ఆ పొద్దు నా బుగ్గ చూసినప్పుడు, అది కత్తి పొక్కులని నీకెట్లా తెలిసె?"

"నాకేం తెలుసు?" అంది. "మా తాత చెప్పే పెద్దరోగమే అనుకుంటిని." నేను బిత్తరపోయి, "మరి ఎందుకు పూస్తివి?" అన్నాను.

"మీ కండ్లల్లో నీళ్ళు తిరగతా ఉండె. అంత మంది ముందర మిమ్మల్ని అట్ల వదిలేసేదా?" అని లేచి, విస్తళ్ళు వెయ్యమని ఎవరినో కేకేస్తూ లోపలికి వెళ్ళిపోయింది. నేను మొహాన గంధంతో అలాగే కూర్చున్నాను. పొక్కులు చూసి పారిపోతుందని హడలిపోయిన ఆ గెడ్డం కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది, నవ్వుతుంటే గంధం పెచ్చులు రాలి పంచె మీద పడ్డాయి, దులుపుకోబుద్ధి కాలేదు.