నలుగురు మాస్టర్లు, ఒక పెళ్ళికొడుకు

పెళ్ళికొడుకును పట్టపగలు, గుర్రంతో సహా, ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళికి పంపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చూడండి, ఈ ముక్కలు రాస్తున్నది అతనే. అప్పుడు నా వయసు ఇరవై మూడు. బుద్ధి ఇంకా తక్కువ.

ఎనభైల నడుమ మాట. నాది వికారాబాద్. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మేనమామ పెంచాడు. ఆయన కుటుంబంతో బొంబాయి వెళ్ళిపోయాక ఆ ఊళ్ళో నన్ను ఫలానా వాడని పలకరించే గడప లేకుండా పోయింది. తాండూరులో బండలు పాలిష్ చేసే యార్డులో గుమాస్తా ఉద్యోగం దొరికితే, రేకుల పెట్టె పట్టుకుని ప్యాసింజర్ ఎక్కేశాను. పప్పు మిల్లు బసప్ప గారింటి వెనక గది అద్దెకు దొరికింది.

ఆ గదిలో మొదటి ఆరు నెలలు ఎలా గడిచాయో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. ఆదివారాలు స్టేషనుకు పోయి, నాకెవరూ రాని రైలుకు ఎదురుచూసేవాణ్ణి. దిగినవాళ్ళలో ఎవరైనా "తమ్మీ, గంజ్‌కు ఎట్ల పోవాలె?" అని అడిగితే, అడగని సందులు కూడా చెప్పి, సగం దూరం తోడు వెళ్ళి, మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో బొంబాయి నుంచి మేనమామ కొడుకు ఒక కాసెట్టు పంపాడు. ఓడల కంపెనీలో పని వాడిది, ఏ దేశపు చెత్త అయినా వాడి చేతిలో పడుతుంది. కూడా ఒక ఉత్తరం. "ఇది హెవీ మెటల్. అందులోనూ ప్రయోగం. వాయించే నలుగురూ నాలుగు వేరే వేరే బ్యాండ్లలో రాజులు. ఎవరి బ్యాండు వాళ్ళు వదిలేసి ఒక్కచోట చేరారు. దీన్ని సూపర్‌గ్రూప్ అంటారు. వింటే నీ జన్మ తరిస్తుంది."

టేప్‌రికార్డర్‌లో పెట్టాను. మొదటి పాట పదకొండు నిమిషాలు, మా యార్డులో పాలిష్ మిషన్ కింద బండ పగిలినప్పుడు వచ్చే చప్పుడే మొదటి నుంచి చివరిదాకా. రెండో పాట తుమ్ముకన్నా చిన్నది. మూడోదాంట్లో చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒకడు కాలి బొటనవేలి మీద రుబ్బురోలు పడ్డట్టు అరిచాడు, అంతే. గిటారువాడు తూర్పుకు పోతుంటే డ్రమ్ములవాడు పడమటికి. మిషన్ చెడిపోయిందనుకుని రిపేరు షాపుకు తీసుకుపోయాను. అతను విప్పాడు, తుడిచాడు, బిగించాడు, కాసెట్టు పెట్టి విన్నాడు, నా మొహం చూశాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది సార్. లోపట ఉన్నోళ్ళకే ఏమో అయినట్టున్నది."

అయినా విన్నాను. రోజూ విన్నాను. కొత్త కాసెట్టువాడు పొద్దెరగడన్నారు కదా! అసలు సంగతి చెప్పనా? ఆ చప్పుడు పెడితే గదిలో నలుగురు మనుషులు కొట్లాడుకుంటున్నట్టు ఉండేది. అన్నదమ్ములు లేనివాడికి, ఇంట్లో గొడవంటే ఏమిటో తెలియనివాడికి, అది తక్కువ భోగమా?

ఒకరోజు బొటనవేలి పాట వస్తుండగా తలుపు దబదబా మోగింది. తీస్తే బసప్ప గారి భార్య నీలమ్మ, చేతిలో రొట్టెల కర్ర.

"ఎవడ్రా నిన్ను కొడుతున్నది? బయటికి రమ్మను!"

"ఎవరూ లేరు పెద్దమ్మా. పాట."

"పాటనా! అరెరె, పానం పోతున్నదనుకున్న గదరా!" గదిలోకి తొంగిచూసింది. మంచం, పెట్టె, నేను. "ఒక్కనివే ఉన్నవా?"

"ఒక్కణ్ణే."

"ఊట ఆయ్తా? తిన్నవా?"

ఆ ఊరొచ్చాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. తిన్నానని చెప్పబోయి, లేదని తల అడ్డంగా ఊపాను. ఆ రోజు నుంచి జొన్నరొట్టె, పుండికూర, వాటితోపాటు తిట్లు మొదలయ్యాయి. "పొద్దెక్కేదాక పంటవెందుకురా? ఆ అంగీ ఉతికి ఎన్ని రోజులైంది? బక్కగ చీపురుపుల్ల లెక్కైనవ్!" కోపం ఎక్కువైతే కన్నడంలోకి మారేది. అర్థం కాకపోయినా కడుపు నిండేది.

ఇంతలో వాళ్ళ అబ్బాయి వీరేశ్ పెళ్ళి కుదిరింది. బసప్ప గారు అందరికీ పనులు పంచుతూ నా వైపు తిరిగాడు.

"బ్యాండు సంగతి నువ్వు చూస్కో. ఇంట్ల మనిషివి, నువ్వు గాకుంటే ఇంకెవరు చూస్తరు?"

ఇంట్లో మనిషి! ఆ మాట విన్నాక నా కాళ్ళు నేలమీద లేవు. ఈ ఒక్క పని మెప్పు పొందేలా చేస్తే ఇక ఆ గడప నాదే అనుకున్నాను. మామూలు బ్యాండు పెడితే మామూలువాణ్ణే అవుతాను కదా? వెంటనే నా తలలో సూపర్‌గ్రూప్ వెలిగింది.

బ్యాండు పార్టీలో మాస్టర్ అంటే ఏమనుకున్నారు? ఆయన వాయిద్యం ఎత్తితే మిగతావాళ్ళు ఎత్తాలి, ఆయన మలుపు తిరిగితే అందరూ తిరగాలి. బ్యాండు వెంట గుర్రం, గుర్రం వెంట జనం. అలాంటి మాస్టర్లను నాలుగు ఊళ్ళ నుంచి నలుగురిని తెచ్చి, వాళ్ళ వెనక వాయించేవాళ్ళను మాత్రం వద్దనుకున్నాను. రాజులుండగా బంట్లెందుకు?

ముందు వికారాబాద్ వెళ్ళి క్లారినెట్ యాదగిరి మాస్టర్‌కు కాసెట్టు వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని భక్తిగా విన్నాడు.

"ఎవలు సచ్చిన్రు సార్?"

"ఎవరూ చావలేదు మాస్టర్. ఇది పెండ్లి కోసం."

"పెండ్లికా! పిల్లదిక్కోళ్ళ మీద గింత పగెందుకు?"

"నలుగురు మాస్టర్లు, ఎవరి బాణీ వాళ్ళది, అన్నీ కలిపి ఒక కొత్త సంగీతం..."

"అదంత సరే. ముంగట ఎవరు నడుస్తరు? నేనైతే ఎవ్వని ఎన్క నడ్వ."

నేను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాను. "మీరే మాస్టర్. మిగతా ముగ్గురూ మీ చేతికింద."

ఆయన తృప్తిగా తల ఊపాడు. తాండూరు ట్రంపెట్ మహబూబ్ మాస్టర్ కూడా అదే అడిగాడు. "ముంగట ఎవరు భాయ్?" మీరే! మోమిన్‌పేట సాక్సఫోన్ మాస్టర్‌కు, మీరే! బొంరాస్‌పేట డ్రమ్ము మాస్టర్‌కు, మీరు కాక ఇంకెవరు! నాలుగు ఊళ్ళలో నాలుగు అబద్ధాలు చెప్పి హాయిగా ఇంటికొచ్చి నిద్రపోయాను.

పెళ్ళిరోజు పొద్దున బసప్ప గారి వాకిట్లో నలుగురూ కలిశారు. నలుగురూ ఒకేసారి ముందుకొచ్చి నిలబడ్డారు.

"జర ఎన్కకు జరుగు," అన్నాడు యాదగిరి మాస్టర్.

"నేనెందుకు జరుగుత? మాస్టర్ నేను. సార్‌నే అడుగు."

నలుగురూ నన్ను చూశారు. నేను కొబ్బరికాయల లెక్క చూసుకోవడంలో మునిగిపోయాను. ఆపైన ఎవరి పాట వాళ్ళు ఎత్తుకున్నారు. ఒకరిది భజన, ఒకరిది కవాతు, ఒకరిది బాగా హుషారైన డ్యాన్సు పాట, డ్రమ్ము ఎవరికీ చెందని దరువు. నిజం చెబుతున్నాను, అచ్చం నా కాసెట్టు! వాకిట్లో కుక్క లేచి వెళ్ళిపోయింది. బసప్ప గారు నా చెవి దగ్గరకొచ్చి, "గిది ఇంక సదురుకుంటున్నరా, షురూ చేసిన్రా?" అని అడిగాడు.

"షురూ చేసిన్రు పెద్దనాయన. ఇది ప్రయోగం."

పెళ్ళి స్టేషను దగ్గర సత్రంలో. మధ్యలో చౌరస్తా. అక్కడిదాకా నలుగురూ రోడ్డు వెడల్పునా పక్కపక్కనే నడిచారు, సైకిళ్ళకు కూడా సందు లేదు. చౌరస్తాలో ప్రతి మాస్టరూ తనకు తెలిసిన దారికి ఠీవిగా తిరిగి, వెనక అందరూ వస్తున్నారనే నమ్మకంతో వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. పళ్ళేలు పట్టుకున్న ఆడవాళ్ళు క్లారినెట్ వెంట స్టేషను వైపు. చిందులేస్తున్న మేనమామలు డ్రమ్ము వెంట బస్టాండు వైపు. పిల్లలు సాక్సఫోన్ వెంట ఎటో. గుర్రానికి మహబూబ్ మాస్టర్ ట్రంపెట్ వెంట నడవడం ఏళ్ళనాటి అలవాటు. అది వీరేశ్‌ను మోసుకుని గంజ్ బజారు వైపు కదిలింది.

"అరే, ఇటు! ఇటు!" అని నేను నాలుగు దిక్కులకూ అరిచాను. నలుగురి హోరులో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది? మంది ఎక్కువైతే మజ్జిగ పలచన, మాస్టర్లు ఎక్కువైతే ఊరేగింపు పలచన. నిమిషంలో చౌరస్తాలో నేనొక్కణ్ణే మిగిలాను.

గంజ్‌లో ఆ రోజు ఇంకెవరిదో పెళ్ళి. మహబూబ్ మాస్టర్ ఎప్పుడూ ఊరేగింపులు తెచ్చేది అక్కడికే. అలవాటుగా పందిరి ముందు ఆపాడు. ఆ అత్తగారు కంగారులో వీరేశ్‌కు హారతి కూడా ఇచ్చేసింది. అప్పటికే పీటల మీదున్న అసలు పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడట.

నేను పరుగెత్తి సత్రం చేరేసరికి వధువు వైపు పెద్దమనిషి గేటు దగ్గర గర్జిస్తున్నాడు. "ముహూర్తం దాటిపోతున్నది! పిల్లగాడేడి? బ్యాండు మాట్లాడినోడు ఎవడు? ముంగటికి రమ్మను!"

లోపల నీలమ్మ గొంతు వినిపించింది. ఏమంటుందో వినే ధైర్యం లేకపోయింది. గోడవారగా జారుకుని, ప్లాట్‌ఫారం మీదున్న వికారాబాద్ ప్యాసింజర్ ఎక్కేశాను. మా యార్డు వాళ్ళ గూడ్స్ ఆఫీసు వికారాబాద్‌లో ఉంటే బతిమాలి అక్కడికే మార్పించుకున్నాను. పెట్టె కూడా తోటి గుమాస్తా చేత తెప్పించుకున్నాను. ఆ ఇంటికి ఒక ఉత్తరం ముక్క రాయలేదు. ఇక్కడి గదిలో కాసెట్టు పెడితే అది వట్టి చప్పుడైంది.

నాలుగు నెలల తర్వాత వికారాబాద్ బజారులో యాదగిరి మాస్టర్ ఎదురయ్యాడు. తప్పుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడికి పోయినవ్ సార్? పెండ్లి మంచిగనే అయింది. పిల్లగాడు గంజ్ నుంచి గుర్రం మర్లేసుకొని టైముకే ఒచ్చిండు. అందరు కడుపులు పట్టుకొని నవ్విన్రు. ఆ పెద్దమనిషి బ్యాండు ఎవరు పెట్టిన్రని లొల్లి చేస్తుంటే, పిల్లగాని అమ్మ ముంగటికొచ్చి 'మా పోరడు పెట్టిండు, ఏందిప్పుడు?' అన్నది."

"మా పోరడు అన్నదా?"

"అన్నది. బంతిల తన పక్కన నీకు ఇస్తారేసి ఎవ్వర్ని కూసోనియ్యలే. 'రానీ, తిన్నంక నేనే తంత' అన్నది. అందరు తిని లేచిన్రు. ఆ ఇస్తారి గట్లనే ఉండె."

మర్నాడే తాండూరు వెళ్ళాను. దారి పొడుగునా తిట్లు తినడానికి సిద్ధమయ్యాను. రొట్టెల కర్రతో కొట్టినా సరే, కన్నడంలో తిట్టినా సరే. తలుపు తట్టాను. నీలమ్మ తీసింది.

"రండి సార్. కూసోండి."

కుర్చీ వేసింది. కప్పూ సాసరులో చాయ్ తెచ్చింది, పళ్ళెంలో బిస్కెట్లు పెట్టింది. నౌకరీ ఎట్లున్నదని అడిగింది, వానల గురించి రెండు మాటలు చెప్పింది. ఒక్క తిట్టు, ఒక్కటంటే ఒక్కటి తిట్టలేదు. వెనక గదిలో కొత్తగా దిగిన కుర్రాణ్ణి మాత్రం, స్నానం చేయలేదని, నా ముందే ఉతికి ఆరేసింది. నేను బిస్కెట్టు ముట్టకుండానే లేచి వచ్చేశాను.

అందుచేత పాఠక మహాశయులారా, సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇద్దరు మాస్టర్లను ఒక రోడ్డు మీద నిలబెట్టను. ఒకవేళ నిలబెట్టినా, పెళ్ళికొడుకు ఎక్కడ తేలినా, తిట్లు మొత్తం పూర్తయ్యేదాకా ఆ గేటు దాటను, రైలు ఎక్కను. ఇప్పుడు వికారాబాద్‌లోనే ఉంటున్నాను, ఒక్కణ్ణే. ఎవరికైనా నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. ఏ వేళకైనా రండి, ఇంట్లోనే ఉంటాను.