అచ్చం స్మరాండలా

తాన్ షూయున్‌ని టేబుల్ టెన్నిస్ సాధన హాల్లో ఎవరూ షూయున్ అని పిలవరు. స్మరాండ అంటారు. వంటశాలలో గరిటె తిప్పే ముసలాయన కూడా, "స్మరాండా, ఇంకో రొట్టె వెయ్యనా?" అని అడుగుతాడు. "వెయ్యి తాతా" అని ఆమె పళ్లెం చాపుతుంది. కొత్తగా జట్టులో చేరిన అమ్మాయిల్లో కొందరికి ఆమెకి వేరే పేరుందన్న సంగతే తెలియదు.

అసలు స్మరాండది రొమేనియా. బల్లకి బాగా వెనక నిలబడి, ఎదుటివాళ్లు ఎంత గట్టిగా కొట్టినా బంతిని అడుగునుంచి కోసి తిరిగి పంపుతూనే ఉంటుంది. కొట్టేవాళ్ల ఓపిక చచ్చేదాకా పంపుతుంది. మా వాళ్లు వరసగా ఇద్దరు ఆమె చేతిలో ఓడి వచ్చాక పెద్దలు కూర్చుని ఆలోచించారు. అలాంటి మనిషిని ఇక్కడే ఒకరిని తయారుచేసుకుంటే రోజూ ఆడి అలవాటు పడొచ్చని తేల్చారు. మా దగ్గర ఇది మామూలే. బయటి దేశాల్లో గట్టివాడు ఎవడు పుట్టుకొచ్చినా, ఆర్నెల్లు తిరిగేసరికి మా హాల్లో వాడి నకలు ఒకటి తయారవుతుంది. నకలుకి తిండీ బట్టా జట్టు ఇస్తుంది. పేరు మాత్రం ఆ బయటివాడిదే.

షూయున్ హాండాన్ పట్నం నుంచి, నూలు మిల్లు కార్మికుల పేట నుంచి వచ్చింది. కలం పట్టుకున్నట్టు బ్యాటు పట్టుకుని, బల్లకి పొట్ట ఆనించి, బంతి లేచీ లేవకముందే కొట్టేసే పిల్ల. పదిహేడో ఏట కోచ్ లూ ఆమెని పిలిచి, గోడ మీద సినిమా వేసి చూపించాడు. రొమేనియా ఆవిడ ఆటే, మాట లేని బొమ్మ.

"చేతులు పొడుగు నీకు. ఓపికా ఉంది. కొన్నాళ్లు నువ్వు ఈవిడవి" అన్నాడు.

"నా ఆటో?" అంది షూయున్.

"ఎక్కడికి పోతుంది? ఈవిడ పని అయ్యాక నీ ఆట నీది."

ఆ కొన్నాళ్లు తొమ్మిదేళ్లయ్యాయి. పట్టు మార్చింది. చెయ్యి కలిపినట్టు పట్టుకునే పొడుగు పిడి బ్యాటు, దానికి ఒక పక్క పొడుగు బుడిపెల రబ్బరు. స్మరాండ పాయింటు పోయినప్పుడల్లా నెట్టు పక్కన బల్లకి అరచెయ్యి తుడుచుకుంటుంది, కుడి చెవి వెనక్కి జుట్టు తోసుకుంటుంది. షూయున్ అవీ నేర్చుకుంది. ఎదురుగా ఆడేవాళ్లకి ఆ చేష్టలు చిరాకు పుట్టిస్తాయట, ఆ చిరాకూ అలవాటు కావాలని కోచ్ పట్టుబట్టాడు. ఇంట్లో అన్నం తింటూ చెవి వెనక్కి జుట్టు తోసుకుంటే, "ఇదెక్కడి అలవాటే?" అని తండ్రి అడిగాడొకసారి.

తండ్రి తాన్ బవోషాన్ మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. ఆ మోతకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం మిగిలింది. భార్య పోయాక ఇంట్లో ఆయనకి తోడు రేడియో ఒక్కటే. కూతురు జట్టులో చేరిందగ్గర్నుంచి ఏ పోటీ జరిగినా ఆ సగం చెవి రేడియోకి ఆనించి కూర్చునేవాడు. రేడియోలో అందరి పేర్లూ వచ్చేవి. షూయున్ పేరు రాలేదు. చుట్టుపక్కల వాళ్లు మొదట్లో అడిగారు, తర్వాత మానేశారు. అడిగినప్పటికంటే మానేసినప్పుడే ఆయనకి ఎక్కువ బాధ వేసింది.

సెలవుకి వచ్చినప్పుడు షూయున్ విడమరిచి చెప్పింది. "రొమేనియా స్మరాండ అని వస్తుంది చూడు నాన్నా, హాల్లో ఆమెని నేనే."

ఆయన రేడియో వైపు చూశాడు. "అయితే ఆమె పేరొస్తే నీ పేరొచ్చినట్టే" అన్నాడు.

అప్పట్నుంచి స్మరాండ గెలిస్తే ముసలాయన లోపల్లోపల సంతోషించేవాడు. దేశమంతా మనమ్మాయి గెలవాలని కోరుకుంటుంటే, ఆ ఇంట్లో ఒక్కడు తలుపేసుకుని రొమేనియా గెలవాలని కోరుకునేవాడు. ఇది పైకి చెప్పుకునే సంగతి కాదు.

ఆ ఏటి పెద్ద పోటీ ఒసాకాలో. మొత్తం పదహారు మంది ఆడవాళ్లు. నలుగురేసి నాలుగు గుంపులు. గుంపులో అందరూ అందరితో ఆడాలి, పై ఇద్దరు ముందుకి వెళ్తారు, అక్కణ్ణుంచి ఓడినవాళ్లు ఓడినట్టే ఇంటికి. ఏ దేశం నుంచీ ఇద్దరికి మించి రాకూడదు. యూరప్ మొత్తానికి ఆరు చోట్లు, వాళ్ల అర్హత పోటీలు ఇంకా జరగాలి. మా బాధ వేరు. ఒసాకాలో గెలవగలవాళ్లు మాకు ఒక్క హాల్లోనే పదిమంది ఉంటారు, అందుకే బయట గెలవడం కంటే ఇంట్లో గెలవడం కష్టం. మొదటి చోటు నిరుడు గెలిచినమ్మాయిది. రెండో చోటు కోసం ఆరుగురితో పోటీ పెట్టారు. అందరూ అందరితో ఆడాక, పైన నిలిచిన ఇద్దరికీ చివరగా ఒక ఆట. అయిదు గేముల్లో మూడు గెలిచినవాళ్లు ఒసాకా వెళ్తారు.

షూయున్‌కి అప్పుడు ఇరవయ్యారేళ్లు. మోకాళ్లు చలికాలం పొద్దున్నే వంగడానికి మొరాయిస్తున్నాయి. ఇదే ఆఖరి అవకాశమని ఎవరూ చెప్పకుండానే ఆమెకి తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పరాయి దేశపు హాల్లో మైకులో తన పేరు వినపడాలి. అది హాండాన్ దాకా రేడియోలో వెళ్లాలి. ఇంతకు మించి ఆమెకి కోరిక లేదు. కోచ్ లూ దగ్గరికి వెళ్లి తననీ ఆడనివ్వమంది.

"నువ్వా?" అన్నాడాయన. కాస్త నవ్వాడు. "ఆడు. ఎవరొద్దన్నారు?"

పెట్టె అడుగున పాత మేజోడులో చుట్టి దాచిన బ్యాటు తీసింది. కలం పట్టు బ్యాటు, పొట్టి పిడి. దానికి కొత్త రబ్బరు అంటించింది. అందరికంటే ముందు హాలుకి వచ్చి, బల్ల ఒక సగం నిలువుగా మడిచి, దానికి కొట్టుకుంటూ పాత చెయ్యి మళ్లీ తెచ్చుకుంది. మొదట్లో చెయ్యి దానంతటదే కిందకి జారి కోత కోసేది. తన చేతినే తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టేది.

పోటీలో మిగతా అయిదుగురూ స్మరాండతో ఆడటానికి వచ్చారు, ఎదురుగా షూయున్ నిలబడింది. ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. బల్లకి ఆనుకుని, లేచిన బంతి లేచినట్టే కొడుతుంటే కళ్లప్పగించి చూశారు. అందరినీ ఓడించింది. చివరి ఆట మళ్లీ ఛిన్ వెయ్‌తో పడింది. ఛిన్ వెయ్ ఇరవయ్యేళ్ల పిల్ల. ఆ ఆరుగురి పోటీలో ఆమె ఓడిన ఒక్క ఆటా షూయున్ చేతిలోనే.

ఆ సాయంత్రం వేడినీళ్ల బాయిలరు దగ్గర ఇద్దరూ ఫ్లాస్కులు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

"అక్కా, ఆ చెయ్యి ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?" అంది ఛిన్ వెయ్.

"పెట్టెలో."

"నా కొంప ముంచడానికా?"

"కొంచెం ముంచుతాను, పూర్తిగా కాదులే" అంది షూయున్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు షూయున్‌కి హాయిగా అనిపించింది. తన ఆట చూసి ఒకరు భయపడటం తొమ్మిదేళ్లలో అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర కోచ్ లూ టీ కప్పుతో వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆయన అలా వచ్చి కూర్చోడు. కూర్చున్నాడంటే ఏదో ఉంది.

"తిను, తిను. క్యాబేజీ చల్లారిపోతుంది" అన్నాడు. ఆమె తినడం మొదలుపెట్టాక, "రేపటి ఆట సంగతి. ఒసాకాలో మనకి అడ్డం పడేది ఎవరు? స్మరాండే. అందుకని ఎవరు వెళ్లాలన్నది ఆమె ఆట మీదే తేలాలంటున్నారు. పైవాళ్ల మాట, నాది కాదు."

"అంటే ఏం చెయ్యమంటారు?"

"రేపు పొడుగు పిడి బ్యాటుతో ఆడు. స్మరాండలా."

షూయున్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "నేనూ పోటీలో ఉన్నాను కదండీ."

"ఉన్నావు. నిన్ను ఓడిపొమ్మన్నానా? స్మరాండలా ఆడి గెలువు, నువ్వే వెళ్తావు. ఇందులో అన్యాయం ఏముందో చెప్పు."

ఆమె రొట్టె పళ్లెంలో పెట్టేసింది. "ఆమె వస్తుందని ఖాయమా? యూరప్‌లో ఇంకా ఆడనే లేదు" అంది.

కోచ్ ఈసారి గట్టిగానే నవ్వాడు. "ఆరు చోట్లుంటే ఆమె రాకపోతే ఇంకెవరొస్తారు? ఇన్నేళ్లుగా ఆమెని మోస్తున్నావు, నీకే నమ్మకం లేకపోతే ఎలా?"

"సరేనండీ" అంది షూయున్.

ఆ సరే మీద నాకు ఇప్పటికీ మంటే. కానీ పదిహేడో ఏట నుంచీ సరే అంటూ వచ్చిన నోటికి కాదు అన్న మాట ఒక్క పూటలో రాదు. పైగా ఆమెకి లోపల చిన్న ఆశ కూడా పుట్టింది. స్మరాండగానే గెలిస్తే ఏమవుతుంది? అసలు స్మరాండకంటే తను బాగా కోస్తుందని హాలంతా అంటారు కదా. ఆ పొగడ్త నమ్మడమే ఆమె చేసిన పొరపాటు.

మర్నాడు పొడుగు పిడి బ్యాటు పట్టుకుని వస్తున్న షూయున్‌ని చూసి ఛిన్ వెయ్ మొహంలో భయం ఎగిరిపోయింది. దాని వెంటే సిగ్గు వచ్చింది. తల దించుకుని సర్వీసు చేసింది.

షూయున్ ఆ రోజు ఆడినంత గొప్పగా స్మరాండ ఆట ఎప్పుడూ ఆడలేదు. బంతి నేలకి జానెడు ఎత్తులో ఉండగా అందుకుని కోసింది. ఒక్కొక్క బంతినీ ఇరవైసార్లు వెనక్కి పంపింది. మొదటి గేము ఆమెదే. కానీ ఎదురుగా ఉన్న పిల్లకి ఈ ఆట కొట్టినపిండి. అలా చేసింది షూయునే. ఎన్నిసార్లు ఆట ఆపి, "కొట్టకే, ఇక్కడ మెల్లగా వెయ్, ముందుకి రప్పించి అప్పుడు కొట్టు" అని దగ్గరుండి నేర్పిందో. ఛిన్ వెయ్ ఇప్పుడు సరిగ్గా అదే చేసింది. మెల్లగా వేసింది, ముందుకి రప్పించింది, అప్పుడు కొట్టింది. తన మాటలే బంతులై తిరిగి తన మీదికి వస్తుంటే షూయున్ మోకాళ్లు నొప్పెడుతున్నా పరుగెత్తింది.

రెండో గేము, మూడో గేము పోయాయి. నాలుగో గేము పద్దెనిమిది పద్దెనిమిది దగ్గర ఒక బంతి నెట్టు పక్కన ఎత్తుగా లేచింది. పాత షూయున్ అయితే కళ్లు మూసుకుని కొట్టే బంతి. కొడదామనుకుంది. పొడుగు పిడితో ఆ దెబ్బ కుదరలేదు, చెయ్యి సగంలో కోతకి తిరిగిపోయింది, బంతి నెట్టుకి తగిలి తన వైపే పడింది. షూయున్ అరచెయ్యి బల్లకి తుడుచుకుని, చెవి వెనక్కి జుట్టు తోసుకుంది. ఆ తర్వాత రెండు పాయింట్లూ త్వరగా పోయాయి, ఇరవయ్యొకటితో గేమూ ఆటా ఛిన్ వెయ్‌వి అయ్యాయి.

"నన్ను తిట్టు అక్కా" అంది ఛిన్ వెయ్, చెయ్యి కలుపుతూ.

"బాగా ఆడావు. మూడో గేములో తొందరపడ్డావు, అక్కడ జాగ్రత్త" అంది షూయున్. అలవాటు.

కొద్ది రోజులకి ఫోనులో కబురొచ్చింది. యూరప్ అర్హత పోటీల్లో స్మరాండ మొదటి దశలోనే ఓడిపోయింది. ఊరూపేరూ లేని పోలండ్ పిల్ల చేతిలో, తర్వాత మరొకరి చేతిలో. ఒసాకాకి రావడం లేదు. ఇక ఆట మానేస్తానని కూడా అందట. హాల్లో బంతుల చప్పుడు కాసేపు ఆగింది. అందరూ గోడ పక్కన బంతులు ఏరుతున్న షూయున్ వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు.

కోచ్ లూ ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. కప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఎవరనుకున్నారు" అన్నాడు చివరికి.

"నేను అడిగాను కదండీ" అంది షూయున్. తొమ్మిదేళ్లలో ఆయన్ని ఆమె తప్పుపట్టిన మాట అదొక్కటే.

"కొన్నాళ్లు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో" అన్నాడాయన. ఆయన నోట కొన్నాళ్లు అంటే ఎంతో ఆమెకి తెలుసు. పెట్టె సర్దుకుంది. వంటశాల ముసలాయన దారికి రొట్టెలు కట్టిస్తూ, "మళ్లీ ఎప్పుడొస్తావు స్మరాండా?" అన్నాడు. నా పేరు షూయున్ తాతా అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెప్పి ఏం లాభమని ఊరుకుంది.

హాండాన్‌లో మిల్లు స్కూల్లో పిల్లలకి కసరత్తు నేర్పే పని దొరికింది. ఒసాకా చోటు కోసం తను ఆడి ఓడిన సంగతి తండ్రికి చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఒసాకా పోటీలు మొదలైన సాయంత్రం ఆమె స్కూలు నుంచి వచ్చేసరికి ముసలాయన సగం చెవి రేడియోకి ఆనించి కూర్చుని ఉన్నాడు. నాలుగు గుంపుల్లో ఎవరెవరున్నారో పేర్లు చదువుతున్నారు. మొదటి గుంపు అయింది. రెండో గుంపులో ఛిన్ వెయ్ పేరు వచ్చింది. మూడోది, నాలుగోది కూడా అయ్యాయి. షూయున్ పొయ్యి దగ్గర జొన్న గంజి కలుపుతూ నిలబడింది.

"రొమేనియాని చదవలేదే" అన్నాడు తండ్రి. చెవి మార్చి ఇంకాసేపు విన్నాడు, చెడిన చెవి అని మర్చిపోయి. "ఏమే, ఈసారి నీ పేరు రాలేదేం?"

ఏం చెప్పాలో ఆమె వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"యూరప్‌లోనే ఓడిపోయాను నాన్నా" అంది.

ముసలాయన తల ఊపాడు.

"అయితే మనకెందుకిది" అని రేడియో కట్టేశాడు.