ఆ పెట్టెలో గుడ్డముక్కలు మార్చింది నేనే

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధం నాదే. దాని బరువులో ఎక్కువ పాలు మోసింది మాత్రం మరొకరు.

ఎవరేం చెప్పినా రుజువు అడిగే మనిషిని. భౌతికశాస్త్రం బోధిస్తాను. రాగి చెంబులో నీళ్లు మంచివన్నా, గ్రహణం నాడు పచ్చడి మీద దర్భలు వేయాలన్నా, పరీక్షించి చూశారా అని అడుగుతాను. అటువంటి నేను ఒకసారి, పరీక్షలో తేలిన నిజాన్ని చేతులారా దాచాను. తెలియక చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. తెలిసే చేశాను.

అప్పుడు జగ్గయ్యపేట నుంచి నందిగామకు ఇల్లు మారుతున్నాం. నా భార్య సరళకు అక్క, దుర్గ వదిన, జగ్గయ్యపేటలో జాకెట్లు కుట్టేది. సామాను సర్దడానికి వస్తూ, కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలు ఒక గోనెసంచి నిండా తెచ్చింది. నేను అంతకుముందే బబుల్ ర్యాప్ కొని ఉంచాను. ఆ ముక్కలు దిండ్లకు పనికొస్తాయి గాని ప్రయాణానికి పనికిరావని అందరి ముందూ నవ్వాను.

ఆమె సర్దినవాటిలో ముఖ్యమైనది ఆవకాయ జాడీ. వాళ్లమ్మది. కొత్త ఇంటికి పచ్చడి జాడీ ఖాళీగా వెళ్లకూడదని వాళ్లింటి పట్టింపు కనుక నిండుగానే సర్దాలి. వదిన అట్టపెట్టె అడుగున గుడ్డముక్కలు దట్టంగా పరిచింది. జాడీ నిలబెట్టి చుట్టూ పిడికిలితో కూరింది. పెట్టెను ఊపి, లోపల ఏదీ కదలడం లేదని చూసుకుని టేపు వేసి, పైన ‘జాడీ’ అని రాసింది.

ఆ ఊపి చూడటం నన్ను కలవరపెట్టింది. అది పరీక్షే కదా?

ఆమె భోజనానికి వెళ్లాక గది తలుపు వేసుకుని, రెండు చిన్న పెట్టెల్లో రెండు కోడిగుడ్లు పెట్టాను. ఒకదానికి ఒక వరస బబుల్ ర్యాప్ చుట్టాను, రెండోదాన్ని గుడ్డముక్కల్లో కూరాను. బల్ల ఎత్తు నుంచి వదిలాను. గుడ్లు మార్చి మరో రెండుసార్లు చేశాను. మూడుసార్లూ ర్యాప్ చుట్టినదే పగిలింది. కారణమూ అర్థమైంది. పెట్టెలో ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో గుడ్డు పరుగెత్తి అట్టకు కొట్టుకుంది. ర్యాప్‌లో లోపమేమీ లేదు, చుట్టినవాడికే చుట్టడం రాలేదు.

అప్పుడు బయటకు వచ్చి ఆ మాట చెప్పాలి. నేను నా మైక్రోస్కోపును తలుచుకున్నాను. చదువుకునే రోజుల నుంచి ఎవరినీ ముట్టుకోనివ్వని వస్తువు. సంచిలోని ముక్కలు అప్పటికే అయిపోయాయి. జాడీ పెట్టె విప్పి, ఆమె కూరినవన్నీ తీసి, మైక్రోస్కోపు చుట్టూ కూరాను. జాడీకి ఒక్క వరస ర్యాప్ చుట్టి, ఖాళీని ఖాళీగానే వదిలి, మళ్లీ టేపు వేశాను. ర్యాప్ చాలలేదా? ఇంకా మిగిలే ఉంది. మరెందుకు? గుడ్డుకు వర్తించే సూత్రం జాడీకి వర్తించదనుకున్నానా? అనుకోలేదు. అది నా వస్తువు కాదు గనుక ఏమీ అనుకోలేదు.

నందిగామలో దించుతుంటే పెట్టె అడుగున నూనె ఊరింది. ఎవరూ చూడకముందే వెనక గదిలోకి లాక్కెళ్లాను. జాడీ నిలువునా చీలింది. ర్యాప్ లాగేసి, మైక్రోస్కోపు దగ్గరి గుడ్డముక్కలు తెచ్చి, ఆ ఎర్రటి నూనెలో అదిమి, పెంకుల చుట్టూ సర్దాను. అరచేతులు మండాయి. కడుక్కుని, అప్పుడు అందరినీ పిలిచాను.

“అయ్యో, అమ్మ జాడీ!” అంది సరళ.

వదిన వేళ్లతో ముక్కలు కెలికింది. “ఇంత వదులుగా కూరలేదే నేను! ఊపి కూడా చూసా. మరిదిగారూ, మీరు అక్కడే ఉన్నారుగా?”

“గుడ్డముక్కలు దారిలో అణిగిపోతాయి వదినా. ముందే చెప్పాగా.”

“అంతేనంటారా?”

“అంతేనండి.”

ఆమె నమ్మింది. తన చేతులకంటే నా చదువును ఎక్కువ నమ్మింది.

అక్కడి నుంచి ఆమెకు పేరు పడిపోయింది. ఏ పెళ్లిలో కనిపించినా, వేదాద్రిలో ఉండే సరళ వాళ్ల పిన్ని, “దుర్గొచ్చిందే, గాజు సామాను లోపల పెట్టండి!” అనేది. అందరూ నవ్వేవారు. వదిన కూడా నవ్వేది. ఎవరు ఇల్లు మారినా ఆమెను కూరగాయలు తరగడానికి కూర్చోబెట్టేవారు. చేతిపని మీద బతికే మనిషికి తన చేతుల మీదే అనుమానం పుట్టించాను.

ఈ ఏడాది నందిగామలోనే మరో ఇంటికి మారాం. సర్దే రోజు అయినవాళ్లంతా హాల్లో ఉన్నారు. వదిన గాజు గ్లాసు వైపు చేయి చాచింది. పిన్ని ఆ మాటే అంది. చాచిన చేయి వెనక్కి వెళ్లింది.

లేచి నిలబడి చెప్పేశాను. గుడ్లు, మైక్రోస్కోపు, నూనెలో అదిమిన ముక్కలు, అన్నీ.

సరళ నా వైపు చూడలేదు. వదిన మాత్రం కన్నార్పకుండా చూసింది. “మరిదిగారూ, ఇంకోసారి చెప్పండి. గట్టిగా. పిన్నికి వినపడలేదు.”

“వినపడిందిలేవే,” అని గొణిగింది పిన్ని.

“అయినా చెప్పండి.”

చెప్పాను.

“ఇల్లు మారినప్పుడు నన్ను సామాను ముట్టుకోనివ్వలేదే, ఆ పరిటాల మామయ్యకి ఇప్పుడు ఫోన్ కలపండి. స్పీకర్ పెట్టండి.”

ఆయనకూ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. వదిన కొంగు నడుముకు దోపి లేచింది. “ఆ గాజు సామానంతా ఇటు తెండి. నేను చెప్పేదాకా ఎవ్వరూ ముట్టుకోబాకండి. పిన్నీ, ఆ వంకాయలు నువ్వు తరుగు.” ఆ హాల్లో ఆ రోజు ఆమె మాటకు ఎదురు లేదు. కొత్త ఇంట్లో పెట్టెలు విప్పాక ప్రతి గ్లాసునూ వెలుతురుకు పట్టి చూశాను. ఒక్కదానికీ గీత పడలేదు. ఆ గెలుపు పూర్తిగా ఆమెది. ఓడిపోయినవాణ్ని నేనే అయినా, ఇంత సంబరపడిన రోజు నాకు మరొకటి గుర్తులేదు.

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. పదకొండేళ్లు తిరిగివచ్చే పద్ధతేదీ నాకు తెలిసిన శాస్త్రంలో లేదు. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు వణికింది. రెండోసారి కొంత తగ్గింది. ఫోన్‌లో చెప్పేసరికి మాట నిలబడింది. మీకు చెబుతున్నది నాలుగోసారి. కలం ఆపి, చేతిని కాగితం మీంచి ఎత్తి చూసుకున్నాను. వణకడం లేదు.