పట్టాలు తుడిచే రైలు

మొన్న ఆదివారం పొద్దున మా చిన్నమామ ఫోన్ చేసి, హలో అని కూడా అనకుండా "ఒచ్చింది" అన్నాడు. ఏమొచ్చిందని నేను అడగలేదు, ఎందుకంటే కొన్నాళ్లుగా మేమిద్దరం ఎదురుచూస్తున్నది ఒక్కదాని కోసమే. "డబ్బా ఇంక ఇప్పలే. నువ్వొచ్చినంకనే ఇప్పుత. జల్ది రా" అని పెట్టేశాడు. చాయ్ సగంలో వదిలేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, కూర్చోవడానికి చోటున్నా కూర్చోకుండా, మామ ఉండే ఎల్బీనగర్ దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. కొత్తవాళ్ల ముందు నోరు విప్పడానికే వెనకాడే నాకు, ఆ రోజు మాత్రం పక్కన నిలబడిన పెద్దావిడ భుజం తట్టి, మా ఇంటికి పట్టాలు తుడిచే రైలు వచ్చిందండీ అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. డైరీలో రాసుకుందాంలే అని సర్దుకున్నాను. ఆ రాత్రి డైరీలో రాయడం మొదలుపెడితే అది కొత్త రైలు దగ్గర ఆగకుండా వెనక్కి, సరూర్‌నగర్ చెరువు దగ్గరి రేకుల గదిలోకి వెళ్లిపోయింది. ఈ వయసుకే జ్ఞాపకాలేమిటని పెద్దవాళ్లు నవ్వవచ్చు. నా ఈడు వాళ్లు నవ్వరనే నమ్మకంతో ఇదంతా చెబుతున్నాను.

పట్టాలు తుడిచే రైలంటే మనం ఎక్కి వెళ్లే రైలు కాదు. బల్ల మీద నడిచే బుల్లి రైళ్లుంటాయి, ఇంజను అరచేతిలో పట్టేటంత. వాటికి కరెంటు పట్టాల్లోంచే చక్రాలకు అందుతుంది. పట్టా మీద కాస్త దుమ్ము చేరినా, కాస్త జిడ్డు అంటినా చాలు, కరెంటు అందక ఇంజను నడిమధ్యలో నిలబడిపోతుంది. ఇలాంటి రైళ్లు పెట్టుకున్నవాళ్ల బతుకులో సగం పట్టాలు తుడవడంతోనే గడిచిపోతుందని మామ అంటుంటాడు. ఇప్పుడు ఆ పని కోసమే ఒక రైలు తయారుచేశారు. దాని ఇంజను బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి ఎంత జిడ్డు మీదనైనా ఆగదు. వెనక ఒక పెట్టె చుక్క చుక్కగా మందు వదులుతుంది, ఇంకో పెట్టె కింద మెత్తటి బిళ్లలు గిర్రున తిరుగుతూ పట్టాను రుద్దుతాయి, చివరి పెట్టె దుమ్మును లోపలికి పీల్చుకుంటుంది. దాని వీడియో చూసిన రోజు నేనూ మామా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ పని ఒకప్పుడు మా ఇంట్లో ఎవరు చేసేవారో ఇద్దరికీ తెలుసు.

మా అమ్మమ్మా తాతా పోచంపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు. అక్కడ వాళ్లకు మగ్గముండేది. మా అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే దాన్ని వదిలేసి పట్నం వచ్చి, తాత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నాడు. చిన్నమామకు చీరల మీద మనసు లేదు. మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనికి కుదిరి, కాలిపోయిన మిక్సీలకూ ఫ్యాన్లకూ రాగి తీగ చుట్టేవాడు. ఆదివారాలు కోఠీకి పోయి, ఎవరి పిల్లలో ఆడి పారేసిన రైలు ఇంజన్లు పాత సామాను కుప్పల్లోంచి ఏరుకొచ్చి, వాటి మోటార్లకు వెంట్రుకంత తీగ చుట్టి బతికించేవాడు. సరూర్‌నగర్ ఇంటి డాబా మీది రేకుల గదిలో గది నిండా పరిచిన బల్ల, దాని మీద పట్టాలు, స్టేషన్లు, వెనక గోడ వైపు పాత పేపర్లూ సున్నమూ కలిపి చేసిన గుట్ట, గుట్ట లోంచి సొరంగం, అన్నీ అలా మొలిచాయి.

మేము అప్పుడు మీర్‌పేట్‌లో కిరాయికి ఉండేవాళ్లం. సెలవు దొరికితే చాలు నేను అమ్మమ్మ ఇంటికి చేరేదాన్ని. కింద చుట్టాలు ఎవరైనా వచ్చి ఏ క్లాసు, ఎన్ని మార్కులు అని అడుగుతారేమోనని భయం, అందుకని నేరుగా పైకి ఎక్కేసేదాన్ని. పైన మామ ఏమీ అడిగేవాడు కాదు. వేలికి చుట్టుకోమని మెత్తటి గుడ్డపేలిక ఒకటి, మెడికల్ షాపు నుంచి తెచ్చిన స్పిరిటు సీసా ఒకటి ఇచ్చేవాడు. పట్టా మీద వేలు జారుస్తూ పోతే పేలిక నల్లబడేది, పట్టా మెరిసేది. స్పిరిటు వాసన ఇప్పటికీ ఏ దవాఖానలో తగిలినా నాకు జబ్బులు గుర్తురావు, ఆ గది గుర్తొస్తుంది. మాట్లాడకుండానే పనికొచ్చే మనిషిని అనిపించుకున్న చోటు నా చిన్నతనంలో అదొక్కటే.

ఆ గది పోయేంత పని ఒకసారి అయింది. దుకాణం కాస్త పెరిగి, చీరల మూటలు ముందరి గదిలో మంచాల మీదకు ఎక్కడం మొదలుపెట్టాక, తాత కన్ను డాబా మీద పడింది.

"నువ్వు రైళ్లు జూస్కుంట కూసుంటే మూటలు యాడ పెట్టాలె? నా నెత్తి మీదనా?" అన్నాడు ఒక రాత్రి అన్నం దగ్గర.

"అది ఆట కాదే నాయినా" అన్నాడు మామ.

"ఆట కాకపోతే పాటనా? పాడు మరి, ఇంటం."

ఇద్దరూ అన్నం ముందు అలిగి కూర్చున్నారు. అమ్మమ్మ ఇద్దరి కంచాల్లోనూ ఒకేసారి పులుసు పోసి, పండగ ముందర ఈ లొల్లి ఏందని గదమాయించింది. చివరికి తాతే ఒక షరతు పెట్టాడు. "దసరా నాడు చుట్టాలందరొస్తరు. అందరి ముందల నీ రైలు ఒక్క సుట్టు తిరిగి రావాలె, నడుమ ఆగొద్దు. తిరిగిందా, అర్ర నీది. ఆగిందా, తెల్లారి మూటలు పైకెక్కుతయ్." మామ సరే అన్నాడు. రైలు ఎలాగూ తిరుగుతుందని అతని ధైర్యం. 

పండగ ముందు రోజు సాయంత్రం దాకా నేనూ మామా పట్టాలన్నీ తుడిచాం. సొరంగంలోకి నా చెయ్యి సగం దాకానే పోయేది, మిగతాది మామ అవతలి వైపు నుంచి తుడిచాడు, మధ్యలో కాస్త మాత్రం ఎవరికీ అందలేదు. అందకపోయినా అక్కడ దుమ్ము పడేది కాదు. రాత్రి ఇంజను చాలాసార్లు తిరిగింది, ఒక్కసారీ ఆగలేదు. నేను నిశ్చింతగా మీర్‌పేట్ వెళ్లిపోయాను.

దసరా నాడు మధ్యాహ్నానికి అమ్మా నాన్నలతో తిరిగొచ్చి పైకి ఎక్కేసరికి గదిలో స్పిరిటు వాసన లేదు. నువ్వుల నూనె వాసన వస్తోంది. బల్ల మీదికి చూశాను. పట్టాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా నూనెతో నిగనిగలాడుతున్నాయి. జానెడుకొకటి చొప్పున పసుపు, దాని మీద కుంకుమ. ఇంజనుకు మూడు నామాల్లాగా మూడు బొట్లు. ఇంజను ముందు పట్టాల నడుమ దానికంటే పెద్ద నిమ్మకాయ.

తెల్లవారే మామ షాపులో మిషన్ల పూజకు పోయాడు. ఇంట్లో అమ్మమ్మ కుట్టుమిషనుకూ, స్కూటరుకూ, దుకాణం కత్తెరలకూ పూజ చేసి, ఇంకేం మిగిలిందని ఆలోచించి పైకి వచ్చింది. మగ్గమున్న ఇళ్లలో దసరా నాడు మగ్గానికి అణువణువునా నూనె రాసి బొట్టు పెడతారు. ఇనుము కనిపించిన చోటల్లా నూనె రాయడమే ఆమె ఎరిగిన భక్తి.

మామ వచ్చాడు, చూశాడు, తల్లిని ఒక్క మాట అనలేదు. కింద నుంచి చుట్టాలు అప్పటికే మెట్లెక్కుతున్నారు. కనిపించినంత మేర నేను గౌను అంచుతో, మామ చేతిరుమాలుతో తుడిచాం. నిమ్మకాయ తీసేలోగా తాత వచ్చి చూసి, "తొక్కి పోనియ్. నిమ్మకాయ తొక్కలేని రైలు ఏం రైలు రా" అన్నాడు. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వి, నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టి మీట నొక్కాడు.

ఇంజను కదిలింది. స్టేషను దాటింది, వంపు తిరిగింది, పెట్టెలను లాక్కుంటూ సొరంగంలోకి పోయింది. రాలేదు. మామ మీట తిప్పాడు, ఇంకా తిప్పాడు. గుట్ట లోపల నుంచి గుర్రుమన్న శబ్దం కాస్త వినిపించి అదీ ఆగిపోయింది. చక్రాలు తమతో పాటు నూనెను లోపలికి మోసుకుపోయాయి, ఎవరి చేయీ అందని చోటికి.

"ఆగింది" అన్నాడు తాత. గెలిచినట్టుగా అనలేదు, అందుకే నాకు ఇంకా దుఃఖమొచ్చింది.

"ఆగింది నా ఒల్ల. పట్టాలకు నూనె రాసింది నేను" అంది అమ్మమ్మ ముందుకొచ్చి. "మగ్గమున్నన్ని దినాలు మగ్గానికి జేసిన. గిప్పుడు నా కొడుకు మగ్గం ఇదే గదా? రాయకూడదని నాకెవ్వరు జెప్పిండ్రు?"

 మామ బూజుకర్ర తెచ్చి, వెనక వైపు నుంచి ఇంజనునూ పెట్టెలనూ మెల్లగా బయటికి నెట్టాడు. నేను ఆ పెట్టెల్లో ఒకదాన్ని తిరగేసి, నా వేలి పేలికను దాని కింద కట్టాను. ఎందుకు కట్టానో నోటితో చెప్పలేకపోయాను, స్పిరిటు సీసా పక్కన పెట్టి ఊరుకున్నాను. మామ చూశాడు. "శభాష్. గానీ లోపల దీన్ని ఎవరు నడిపిస్తరు?" అన్నాడు. అమ్మమ్మ అప్పటికే కిందికి పోయి నూలు కండె ఒకటి తెచ్చింది. పెట్టెకు ముందొక పోగు, వెనకొక పోగు కట్టి, ఒకదాన్ని బూజుకర్ర చివర చుట్టి సొరంగంలోంచి అవతలికి పంపించింది. ఇవతలి పోగు పట్టుకుని నేల మీద కూర్చుంది. అవతల గోడకూ బల్లకూ మధ్య సందులో కూర్చునేవాళ్లు కావాలి.

"ఏమయ్యా, గట్లనే నిలబడ్డవ్, పో, ఆ కొస పట్టు" అంది తాతతో.

"నేనెందుకు?"

"పడుగు పట్టేటప్పుడు గిట్లనే అడిగినవా?"

పడుగు పోసేటప్పుడు నూలును వీధి పొడవునా సాగదీసి ఒక కొస మగడు, ఒక కొస పెళ్లాం పట్టుకుంటారని అమ్మ నాకు తరవాత చెప్పింది. తాత ధోవతి పైకి మడిచి, సణుక్కుంటూ సందులో దూరి కూర్చున్నాడు. అమ్మమ్మ వదిలితే తాత లాగాడు, తాత వదిలితే అమ్మమ్మ లాగింది. స్పిరిటులో తడిసిన పేలికతో ఆ పెట్టె గుట్ట లోపల, మగ్గం మీద పోగు మోసే నాడెలాగా అటూ ఇటూ పోయింది. ఒకరికొకరు కనిపించరు, మధ్యలో గుట్ట. అయినా పోగు ఎక్కడా వదులు కాలేదు, తెగలేదు. "మెల్లగ గుంజు" అని ఆమె, "నాకు నేర్పుతున్నవా" అని ఆయన. చుట్టాలు నవ్వడం మరచిపోయి చూస్తున్నారు. పేలిక పచ్చగా బయటికొచ్చేది, నేను మార్చి కొత్తది కట్టేదాన్ని. ఇక తెల్లగానే వస్తోందని మామ చెప్పాక కూడా తాత ఆపలేదు, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని లాగుతూనే ఉన్నాడు.

ఆ తరవాత రైలు తిరిగింది. సొరంగంలోకి పోయి, రెప్ప వేసేలోగా తాత పక్క నుంచి బయటికొచ్చి, స్టేషను చేరింది. నా చేతిలోని నిమ్మకాయ ఎప్పుడు చితికిందో నాకే తెలియదు. తాత మోకాళ్లు దులుపుకుంటూ లేచి, మూటలు మంచాల కింద సర్దుకోవచ్చులే అన్నాడు, అంతే.

మరుసటి ఏడు దసరాకు మామ అమ్మమ్మతో నూనె రాయవద్దని అంటాడనుకున్నాను. అనలేదు. ఆమె మళ్లీ నూనె రాసింది, బొట్లు పెట్టింది. మధ్యాహ్నం తాత ఎవరూ పిలవకుండానే సందులో దూరాడు. అదే మా ఇంటి ఆచారమైపోయింది: పొద్దున పట్టాలు పాడుచేయడం, మధ్యాహ్నం ఇద్దరూ చెరో కొస పట్టి బాగుచేయడం. పేలికలు మార్చే పని ప్రతి ఏడూ నాదే.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మామ ఎల్బీనగర్‌లో ఫ్లాటు తీసుకున్నాక బల్ల సగమైంది కానీ, గుట్టను మాత్రం విరగ్గొట్టకుండా ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చుకున్నాడు. తాత పోయాక దసరాకు పట్టాలు తుడిచే పని మామ ఒక్కడే చేసుకుంటున్నాడు. అందుకే ఈ కొత్త రైలు కోసం మా ఇద్దరికీ అంత ఆత్రం.

మొన్న నేను వెళ్లేసరికి అమ్మమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, నూనె, నిమ్మకాయ సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. కొత్త బండి వచ్చిందంటే పూజ ఉండాలి కదా. పూజ అయ్యాక మామ మీట నొక్కాడు. మందు చుక్కలు పడ్డాయి, బిళ్లలు గిర్రున తిరిగాయి, నూనె మీదా పసుపు మీదా ఎక్కడా తడబడకుండా అది సాగుతుంటే నేను చిన్నపిల్లలా బల్ల చుట్టూ పరుగెత్తాను. మామ చప్పట్లు కొట్టాడు. సొరంగంలోకి పోయింది. అమ్మమ్మ అలవాటుగా సొరంగం ముందు చేరి, పోగు అందుకునేదానిలా చెయ్యి చాచి కూర్చుంది. రైలు అవతలి నుంచి బయటపడి, బల్ల చుట్టి, తన దారిన తాను వెళ్లింది. వెనక పట్టాలు అద్దంలా ఉన్నాయి.

"మంచిగ జేసింది" అంది అమ్మమ్మ. చాచిన చెయ్యి ఇంకా తీయలేదు. "గానీ ఆ కొస ఎవ్వరు వట్టిండ్రే?"

ఎవరూ పట్టనక్కర్లేదమ్మా, అదే పోతుంది అని మామ గట్టిగా చెప్పాడు. ఆమె తల ఊపింది. నిజమే, ఇప్పుడు చాలా పనులు అలాగే అయిపోతాయి, అవతలి కొసన మనిషి అవసరం లేకుండా. అది మంచిదే, నేను కాదనను, ఆ రైలును చూస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ మామ రెండో చుట్టుకు మీట నొక్కుతుంటే నేను గోడకూ బల్లకూ మధ్య ఇరుకు సందులో దూరి, అవతల కూర్చున్నాను. "అమ్మమ్మా, నేనున్న" అన్నాను. గుట్ట వెనక నుంచి ఆమె, "మెల్లగ గుంజు" అంది.