పదహారు అంగుళాల రిమ్ములు

2022లో నేను సింగపూర్‌లో బెడోక్ దగ్గర ఒక టైర్ల వర్క్‌షాపులో సీనియర్ టెక్నీషియన్‌గా ఉన్నాను. ఉద్యోగంలో అది నా చివరి ఏడాది. రిమ్ముల సైజు మార్చిన ఏ కారైనా నేను నడిపి చూసి, సంతకం పెట్టాకే గేటు దాటాలన్నది అక్కడి నియమం.

మా దగ్గరికి కారు తెచ్చే కిరణ్‌ది గుంటూరు. పుంగ్గోల్‌లో కాపురం, బ్యాంకు ఐటీలో ఉద్యోగం. ఇరవై ఏళ్ళు దాటిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి అతనికి ప్రాణం. దానికి మొదట వచ్చింది పద్నాలుగు అంగుళాల రిమ్ము, 185/60 టైరు. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో అరవై శాతం. ఆ సైజులో మంచి టైర్లు దొరకడం కష్టమైంది. రిమ్ము పెంచితే పక్కగోడ తగ్గించి, చక్రం మొత్తం ఎత్తు పాతదానికి దగ్గరగా ఉంచాలి. లేకపోతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. ఆ లెక్కన పదిహేను అంగుళాల రిమ్ముకు 195/50 టైరు చెప్పాను. ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్ల లోపే.

కిరణ్ మాత్రం ఎవరో వాడిన పదహారు అంగుళాల రిమ్ములు కొనుక్కొచ్చాడు. వాటికి 205/45 వేస్తే ఎత్తు పదమూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అది సర్దుకోదగ్గదే. చిక్కంతా ఆఫ్‌సెట్‌తో వచ్చింది. రిమ్ము నడిమి గీత నుంచి, చక్రాన్ని బిగించే హబ్బుకు ఆనే ముఖం దాకా ఉన్న దూరం అది. పాత రిమ్ములకన్నా వీటికి పది మిల్లీమీటర్లు తక్కువ. ఆ మేరకు చక్రం బయటికి, మడ్‌గార్డు అంచు వైపు జరుగుతుంది.

"వద్దు కిరణ్, పదిహేనుకే పోదాం" అన్నాను.

"పదిహేనైతే బొమ్మకారులా ఉంటది అంకుల్. తగలకుండా మీరు చూస్తారుగా" అన్నాడు.

నా పనితనం మీద ఆ నమ్మకం నాకు బాగానే అనిపించింది. ఒప్పుకున్నాను. వెనక మడ్‌గార్డుల లోపలి అంచును రోలరుతో మడిచి, కారు దించి ఖాళీ చూశాను. ఒక్కణ్ణే కూర్చుని స్పీడు బ్రేకర్ల మీదుగా రెండు చుట్లు తిప్పాను. ఎక్కడా తగల్లేదు. సంతకం పెట్టాను.

వారానికి అతని భార్య స్వప్న ఫోన్ చేసింది. "అంకుల్, వెనక ఎడమవైపు ఏదో రుద్దుకుంటున్న సౌండ్ వస్తోంది. ఆయనొక్కడే వెళ్తే రావట్లేదంట. నేను కూర్చుంటేనే వస్తోంది."

అప్పుడు లిఫ్టు మీద వేరే కారు ఉంది. "కొత్త టైర్లు కదమ్మా, నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి" అన్నాను. ఆమె చివర చెప్పిన మాట నా చెవిన పడింది. దాని గురించి ఆలోచించలేదు.

కోవిడ్ తర్వాత మలేషియా సరిహద్దు మళ్ళీ తెరిచిన రోజులవి. ఇద్దరూ డిక్కీ నిండా సామాను పెట్టుకుని మలక్కా బయలుదేరారు. బరువుకు వెనక స్ప్రింగులు ఇంకా కుంగాయి. హైవే మీద ఎడమ వెనక టైరు పేలింది. కారు తిరిగిపోయి, స్వప్న కూర్చున్న వైపు రెయిలింగుకు గుద్దుకుంది. కిరణ్‌కు చెయ్యి విరిగింది. స్వప్నకు వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది.

కారును మా దగ్గరికే లాక్కొచ్చారు. టైరు పక్కగోడ చుట్టూ ఒకే ఎత్తులో కోత ఉంది. మడ్‌గార్డు మడతలో నల్లటి రబ్బరు పొడి ఉంది. గుంతలో పడితే అలాంటి కోత రాదు. రిపోర్టులో గుంత అనే రాయమని మా యజమాని అన్నాడు. నేను చూసింది చూసినట్టు రాసిచ్చాను. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

ఆసుపత్రికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. "నేను కూర్చుంటేనే వస్తోందని చెప్పాను కదంకుల్" అంది స్వప్న. గొంతులో కోపం లేదు. "ఒకసారి తీసుకురండి అని ఉంటే ఆ రోజే తెచ్చేవాళ్ళం."

నేను లేచి బయల్దేరాను. కిరణ్ లిఫ్టు దాకా నాతో వచ్చాడు. "పదహారు కావాలన్నది నేనే. మీరింక రావద్దంకుల్. మిమ్మల్ని చూస్తే ఆ మాటే గుర్తొస్తోంది" అన్నాడు. నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆమె ఇక నడవలేదని ఏడాది తర్వాత వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

సైజుల పట్టిక చక్రం ఎత్తు వరకే చెబుతుంది. మడ్‌గార్డు దగ్గర ఖాళీ కొలిచేటప్పుడు కారులో అన్ని సీట్లలో మనుషులుండాలి, డిక్కీలో బరువుండాలి. శబ్దం వస్తోందని ఎవరైనా చెబితే, ఎవరు కూర్చున్నప్పుడు వస్తోందో అడిగి, ఆ రోజే కారు చూడాలి. ఇవేవీ ఆ ప్రమాదం తర్వాత నేర్చుకున్నవి కావు. కొత్తగా చేరినవాళ్ళకు ఏళ్ళ తరబడి నేను చెప్పిన పాఠాలే.